పత్రిక ఆగిపోతే వ్యాసం ఎక్కడికి పోతుంది?

గ్రంథపాలకుడి జవాబులు

కిందటి సంచికలో ఈ శీర్షిక కింద ఒక పాఠకుడికి జవాబిస్తూ, పరిశోధన వ్యాసం ఇంటర్నెట్‌లో కనిపిస్తున్నంత మాత్రాన అది భద్రంగా ఉన్నట్లు కాదని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యాన్ని పట్టుకుని వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. అందుచేత ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారు కోరినందువల్ల పేర్లు వేయలేదు.

*నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర అధ్యాపకురాలిని. 2012లో ఒక ఆన్‌లైన్ పరిశోధన పత్రికలో నా వ్యాసం వచ్చింది. ఈ మధ్య ఒక విద్యార్థికి లింకు పంపబోతే, ఆ చిరునామాలో జూదం ప్రకటనలు కనిపించాయి. సంపాదకులకు రాసిన మెయిల్ తిరిగి వచ్చింది. పత్రిక ఆగిపోవడం అర్థమవుతుంది కానీ, అచ్చయిన వ్యాసం ఇలా మాయమవుతుందా?*
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

మాయమవుతుందమ్మా. మీ ఒక్కరికే జరిగిందని బాధపడకండి. ఫిన్లాండ్, జర్మనీ దేశాలకు చెందిన ముగ్గురు పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 2000 నుంచి 2019 వరకు గల కాలంలో 174 ఉచిత పరిశోధన పత్రికలు వెబ్ నుంచి పూర్తిగా కనుమరుగైనట్లు తేల్చారు. ప్రచురణ ఆగిపోయి, ఇంకా వెబ్‌లో కనిపిస్తున్నప్పటికీ అదే దారి పట్టే ప్రమాదం ఉన్నవి మరో 900 దాకా ఉన్నాయని కూడా వారు లెక్క వేశారు. పోయిన పత్రికల్లో మీవంటి సామాజిక, మానవీయ శాస్త్రాలవే ఎక్కువ.

కారణం సాంకేతికమైనది కాదు. కాగితం రోజుల్లో పత్రిక నడిపేవారు సంచిక అచ్చువేసి చందాదారులకు పోస్టు చేసిన క్షణంలోనే, తమకు తెలియకుండానే, దానిని భద్రపరిచే పని కూడా పూర్తి చేసేవారు. రాజమండ్రిలోని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926లో ప్రారంభించిన ఇంగ్లీషు పత్రిక సంపుటాలు ఈనాటికీ మనకు దొరుకుతున్నాయంటే, మండలి వారు ఎవరికో జీతమిచ్చి వాటిని కాపలా కాయించినందువల్ల కాదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని అనేక గ్రంథాలయాలు ఎవరి బీరువాలో వారు తమ ప్రతిని ఉంచుకున్నందువల్ల. ఆన్‌లైన్ పత్రిక విషయంలో ఈ ఏర్పాటు తలకిందులైంది. ప్రతి ఒక్కటే, అది ప్రచురణకర్త సర్వరులో ఉంటుంది, మనమందరం అక్కడికి వెళ్లి చదివి వస్తాము. డొమైన్ పేరుకు ఏటా కట్టవలసిన రుసుము సంపాదకుడు ఒక్క ఏడాది మరిచిపోయినా, పదవీ విరమణ చేసినా, విశ్వవిద్యాలయం వెబ్‌సైటు మార్చేటప్పుడు పాత పుటలను వదిలేసినా ఆ ఒక్క ప్రతీ పోతుంది. గడువు తీరిన డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు కనుక, మీరు చూసిన జూదం ప్రకటనలు అలా వచ్చి ఉంటాయి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పాత చిరునామాను యథాతథంగా, వెబ్ పుటల పాత నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. ఉచిత పత్రికే కనుక పీడీఎఫ్ అక్కడ చిక్కి ఉండే అవకాశం ఉంది. దొరికినా దొరకకపోయినా, మీ దగ్గరున్న తుది ప్రతిని, సంపుటి, సంచిక, పుటల సంఖ్యలతో సహా, మీ విశ్వవిద్యాలయపు డిజిటల్ భాండాగారంలో చేర్పించండి. పత్రికతో మీరు చేసుకున్న ఒప్పంద పత్రం ఉంటే ఒకసారి చదువుకోండి. ఉచిత పత్రికలు చాలావరకు ఇందుకు అనుమతి ఇస్తాయి.

*మా గ్రంథాలయంలో శిక్షణ ఇచ్చినవారు, డీఓఐ సంఖ్య ఉన్న వ్యాసం శాశ్వతం అని చెప్పారు. నిజమేనా?*
– సహాయ గ్రంథపాలకుడు, వరంగల్లు

ఆ మాటలో శాశ్వతమైనది సంఖ్య మాత్రమే. డీఓఐ అనేది ఒక్కొక్క వ్యాసానికి ఇచ్చే ఇంటి నంబరు వంటిది. ప్రచురణకర్త ఇల్లు మారినప్పుడల్లా కొత్త చిరునామాను రిజిస్టరులో నమోదు చేస్తే, పాత నంబరు పట్టుకుని వచ్చినవారు కొత్త ఇంటికి చేరతారు. పరిశోధన పత్రికలకు ఆ రిజిస్టరు నిర్వహించే ప్రధాన సంస్థ క్రాస్‌రెఫ్ 2000 నుంచి ఈ పని చేస్తున్నది. ఇల్లే కూలిపోతే నంబరు ఏం చేస్తుంది? లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలకు చెందిన మార్టిన్ పాల్ ఈవ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో డీఓఐ ఉన్న 74 లక్షలకు పైగా ప్రచురణలను పరీక్షించగా, దాదాపు 28 శాతం, అంటే 20 లక్షలకు పైగా, ఏ ప్రధాన భద్రతా ఆర్కైవ్‌లోనూ ఉన్నట్లు కనిపించలేదు. అవన్నీ పోయాయని దీని అర్థం కాదు, వాటికి రెండో ప్రతి ఉన్న ఆనవాలు దొరకలేదని అర్థం. డీఓఐ వల్ల నిజమైన ప్రయోజనం ఏమిటంటే, వ్యాసం ఏదైనా ఆర్కైవ్‌లో ముందే చేరి ఉంటే, ప్రచురణకర్త కనుమరుగైన రోజున అదే సంఖ్యను ఆ ఆర్కైవ్ వైపు మళ్లించవచ్చు.

*ప్రచురణకర్తల వెబ్‌సైట్లలో "మా పత్రికలు లాక్స్, క్లాక్స్, పోర్టికోలలో భద్రపరచబడినవి" అని ఉంటుంది. మా కళాశాలకు తనిఖీకి వచ్చిన బృందం వీటి తేడా అడిగితే నేను చెప్పలేకపోయాను. ఇవి ఎలా పనిచేస్తాయో వివరించగలరా?*
– ఇంజనీరింగు కళాశాల గ్రంథపాలకురాలు, గుంటూరు

తనిఖీ బృందం ఆ ప్రశ్న అడగడమే నాకు సంతోషం కలిగించింది. కొంచెం వివరంగానే చెబుతాను.

మూడింటిలో పాతది లాక్స్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో విక్కీ రైక్ అనే గ్రంథపాలకురాలు, డేవిడ్ రోజెంతాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు కలిసి 1999లో దీనిని ప్రారంభించారు. నకళ్లు ఎన్ని ఎక్కువ ఉంటే సరుకు అంత పదిలం అన్న ఇంగ్లీషు వాక్యంలోని తొలి అక్షరాలే దాని పేరు. చందా కట్టిన ప్రతి గ్రంథాలయమూ తన దగ్గర ఒక సాధారణమైన కంప్యూటరును ఉంచుకుంటుంది; ప్రచురణకర్త అనుమతితో ఆ కంప్యూటరు పత్రిక వెబ్‌సైటు నుంచి సంచికలను తెచ్చి దాచుకుంటుంది. పాత కాలపు బీరువానే మళ్లీ తెచ్చి గ్రంథాలయంలో పెట్టారన్నమాట.

అసలు చమత్కారం ఆ తర్వాత ఉన్నది. డిస్కు మీద దాచిన ఫైలు ఎవరూ ముట్టుకోకపోయినా పాడవుతుంది. ఒక్క బిట్టు తారుమారైతే బొమ్మ చెడవచ్చు, పట్టికలో అంకె మారవచ్చు, అసలు ఫైలే తెరుచుకోకపోవచ్చు. తెరిచి చూసేదాకా ఎవరికీ తెలియదు. అందువల్ల లాక్స్ కంప్యూటర్లు కొంతకాలానికొకసారి తమలో తాము ఓటింగు పెట్టుకుంటాయి. ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న సంచికకు గణిత పద్ధతిలో ఒక వేలిముద్ర తయారు చేసి చూపిస్తుంది. ఎక్కువమంది వేలిముద్రలు ఒకలా ఉండి ఒకరిది తేడాగా ఉంటే, ఆ ఒకరి ప్రతి చెడిపోయిందని గ్రహించి, మంచి ప్రతి నుంచి సరిచేసుకోవడం జరుగుతుంది. ఓటింగు జరిగే ప్రతిసారీ వేలిముద్రను కొత్తగా లెక్కించి తీరవలసిందే కాబట్టి, పాత జవాబునే దాచుకుని చూపించి తప్పించుకోవడానికి వీలుండదు.

ఇది చదువుతుంటే నాకు బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిన పని గుర్తుకు వస్తుంది. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, శుద్ధప్రతి రాయించేవారాయన. తేడా ఒకటుంది. పండితుడు అర్థాన్ని బట్టి, ఛందస్సును బట్టి పాఠాన్ని ఎన్నుకుంటాడు, అల్పసంఖ్యలో ఉన్న పాఠమే సరైనదని కూడా తేల్చగలడు. యంత్రానికి ఆ వివేకం లేదు, దానికి మెజారిటీయే ప్రమాణం. అందుకే నకళ్లు బాగా ఎక్కువ ఉండాలి, అవి ఒకే చేతి కింద ఉండకూడదు.

క్లాక్స్ అనేది అదే సాఫ్ట్‌వేరుతో, 2006 ప్రాంతంలో ప్రచురణకర్తలు, గ్రంథాలయాలు ఉమ్మడిగా మొదలుపెట్టిన ఏర్పాటు. ఇందులో ప్రతి గ్రంథాలయమూ సొంత పెట్టె పెట్టుకోనక్కరలేదు. స్టాన్‌ఫర్డ్, ఎడిన్‌బరో, బెర్లిన్, టోక్యో, హాంకాంగ్, ఆస్ట్రేలియా వంటి చోట్ల 12 సంస్థలలో నకళ్లు ఉంటాయి. ఒక ఖండంలో భూకంపం వచ్చినా, ఒక దేశంలో చట్టం మారినా మిగిలినవి నిలుస్తాయన్నది ఉద్దేశం. ఇది చీకటి ఆర్కైవ్, అంటే మామూలు రోజుల్లో ఎవరూ లోపలికి వెళ్లి చదవడానికి వీలులేదు. పత్రికను ఇక ఏ ప్రచురణకర్తా అందించడం లేదని నిర్ధారణ అయినప్పుడే తలుపు తెరుస్తారు; తెరిచాక చందాదారులకే కాక లోకమందరికీ ఉచితంగా తెరుస్తారు. అవయవ మార్పిడికి సంబంధించి 2003లో ఆగిపోయిన "గ్రాఫ్ట్" అనే పత్రికను దాని ప్రచురణకర్త ఆన్‌లైన్ నుంచి తీసివేయాలనుకున్నప్పుడు, 2008లో క్లాక్స్ ఆ విధంగా మొదటిసారి తలుపు తెరిచింది. చిన్న పత్రికే అయినా, అందులోని వైద్య వ్యాసాలను ఉదహరించినవారికి ఆ లింకులు పనిచేయడం ముఖ్యం కదా.

పోర్టికో దారి వేరు. పాత సంచికలను స్కాన్ చేసి అందించే జేస్టోర్ సంస్థలో 2002లో ప్రయోగంగా పుట్టి, 2005లో సొంత పేరుతో సేవ ప్రారంభించింది. ఇది వెబ్‌సైటులో కనిపించే పుటలను కాక, ప్రచురణకర్త దగ్గరున్న మూల ఫైళ్లనే తీసుకుంటుంది. వ్యాస భాగాలను గుర్తులతో వేరుచేసి చూపే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా పంపితే, వాటిని ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చి, ఏ ఫైలు ఏ రకమో నమోదు చేసి, ఆ రకం రేపు వాడుకలోంచి పోతే కొత్త రూపంలోకి మార్చే బాధ్యతను కూడా నెత్తిన వేసుకుంటుంది. తలుపు తెరిచినప్పుడు మాత్రం తనలో సభ్యత్వం ఉన్న గ్రంథాలయాలకే తెరుస్తుంది.

తనిఖీ బృందానికి రెండు వాక్యాల్లో చెప్పాలంటే, లాక్స్, క్లాక్స్ నకళ్ల సంఖ్యను, స్వతంత్రతను నమ్ముకుంటాయి. పోర్టికో ఒక సంస్థ చేసే నిరంతర నిర్వహణను నమ్ముకుంటుంది. ఏది మేలని అడిగితే, రెండింటిలోనూ ఉన్న పత్రిక మేలంటాను. నెదర్లాండ్స్ జాతీయ గ్రంథాలయం 2002లో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థతో ఒప్పందం చేసుకుని ఆ సంస్థ పత్రికలను భద్రపరచడం మొదలుపెట్టింది కనుక, జాతీయ గ్రంథాలయాలు మూడో దారి.

ఒక్క హెచ్చరిక. వెబ్‌సైటులో పేర్లు రాసుకున్నంత మాత్రాన నమ్మకండి. పారిస్‌లోని ఐఎస్‌ఎస్‌ఎన్ అంతర్జాతీయ కేంద్రం నిర్వహించే కీపర్స్ రిజిస్ట్రీలో పత్రికకు గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్య కొట్టి చూస్తే, ఏ ఆర్కైవ్ దగ్గర ఏ సంపుటం నుంచి ఏ సంపుటం దాకా ఉన్నదీ తెలుస్తుంది. మధ్యలో ఖాళీలు ఉంటే అవి కూడా కనిపిస్తాయి.

*ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉండగా ఇన్ని సంస్థలు, ఇంత ఖర్చు ఎందుకు?*
– ఒక పాఠకుడు, డల్లాస్

ఆ సంస్థకు నేను కూడా రుణపడి ఉన్నాను, పైన శ్రీకాకుళం పాఠకురాలిని పంపింది అక్కడికే. అయితే అది చందా గోడ వెనుక ఉన్న వ్యాసాలను తీసుకోలేదు, ప్రచురణకర్తలతో ఒప్పందం మీద నడిచేది కాదు, అన్నిటికంటే ముఖ్యంగా అది కూడా ఒక్క సంస్థే. 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల కొన్ని రోజుల పాటు మూతపడింది. అంతకు ఏడాది ముందు, 2023 అక్టోబరులో, బ్రిటిష్ లైబ్రరీ అంతటిది అటువంటి దాడికి గురై, ప్రధాన కేటలాగును తిరిగి అందించేసరికి జనవరి వచ్చింది. ఎంత పెద్ద ఇల్లయినా ఒక్క ఇల్లే అయితే లెక్క ఒకటే.

*మేము ఆరుగురం అధ్యాపకులం కలిసి తెలుగు సాహిత్య పరిశోధనకు ఒక పత్రిక నడుపుతున్నాం. పదేళ్ల సంచికలు పీడీఎఫ్‌లుగా వెబ్‌సైటులో ఉన్నాయి. ఒక నకలు హార్డ్ డిస్కులో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో ఉంది. మొదటి ఆరేళ్లవి అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. ఈ జాగ్రత్త చాలా? డబ్బు ఖర్చు పెట్టే స్తోమత మాకు లేదు.*
– సంపాదకుడు, తిరుపతి

ఆ మూడు నకళ్లకూ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ముందు చూసుకోండి. వెబ్‌సైటు, డ్రైవ్ ఖాతా, డిస్కు మూడూ మీ ఒక్కరి చేతిలో ఉంటే అవి లెక్కకు మూడైనా నిజానికి ఒకటే. మీ ఆరుగురిలో కనీసం ఇద్దరికి ఖాతాల మీద అధికారం ఉండేలా ఈ వారమే సర్దుకోండి.

ఇక అను ఫాంట్ల సంగతి. ఇది తెలుగు పత్రికలకు ప్రత్యేకమైన కష్టం, దీనిని ఇంగ్లీషు పత్రికల కోసం రాసిన మార్గదర్శకాలు పట్టించుకోవు. ఆ ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేది "క" అనే అక్షరాన్ని కాదు. ఏదో ఇంగ్లీషు అక్షరపు సంకేతాన్ని దాచుకుని, దానిని తెరమీద తెలుగు అక్షరపు ముక్కగా గీస్తుంది. అందువల్ల మీ పీడీఎఫ్ కంటికి ముచ్చటగా కనిపించినా, అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి మరోచోట పెడితే అర్థంలేని చిహ్నాల గుంపు వస్తుంది. గూగుల్‌కు కనిపించేదీ ఆ గుంపే కనుక మీ వ్యాసం వెతుకులాటలో దొరకదు. దీర్ఘకాల భద్రతకు వాడే పీడీఎఫ్-ఏ అనే ప్రమాణం 2005 నుంచి ఉంది. అది ఫాంటును ఫైలులోనే పొదిగించి ఉంచుతుంది. కానీ ఆ ప్రమాణపు కింది స్థాయి హామీ ఇచ్చేది రూపానికే తప్ప అక్షరాలకు కాదు. మీ పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకా తెరుచుకుంటున్నాయంటే, వచనాన్ని యూనికోడ్‌లోకి మార్చే పని ఇప్పుడే చేపట్టండి. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తడబడతాయి కనుక ఒకరు కూర్చుని ప్రూఫు చూడక తప్పదు. పాత పీడీఎఫ్‌ను పారేయకండి. అచ్చయినది అదే కనుక ప్రమాణమూ అదే. యూనికోడ్ ప్రతి దానికి తోడుగా ఉంటుంది. ఆరేళ్ల సంచికలు ఒక్కసారి అయ్యే పని కాదు, కాబట్టి వ్యాసాల పేర్లు, రచయితల పేర్లు, సంగ్రహాలను ముందు యూనికోడ్‌లోకి తెచ్చి, మిగిలినది విద్యార్థుల సాయంతో నెమ్మదిగా చేసుకోవచ్చు.

డబ్బు లేకుండా చేయగల ఏర్పాటు ఒకటుంది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడిచే పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టు వారి ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులోకి మీ పత్రికను మార్చుకుని, మీకు ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంటే, అదే సంస్థ నడిపే భద్రతా వ్యవస్థలో రుసుము లేకుండా చేరవచ్చు. లోపల పనిచేసేది పైన చెప్పిన లాక్స్ పద్ధతే. మన దేశంలో ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఉచితంగానే ఇస్తుంది. రచయితల నుంచి రుసుము తీసుకోని ఉచిత పత్రికల కోసం, ఉచిత పత్రికల జాబితాను నిర్వహించే డీఓఏజే, క్లాక్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ మొదలైన ఐదు సంస్థలు 2020లో జాస్పర్ అనే పథకాన్ని కూడా ప్రారంభించాయి; దానికి ముందు డీఓఏజే జాబితాలో మీ పత్రిక చేరాలి.

చివరగా ఒక పాత పద్ధతి. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ముద్రిత ప్రచురణల ప్రతులు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాతో సహా మరో మూడు గ్రంథాలయాలకు వెళ్లాలి. ఆ చట్టం మాట్లాడేది అచ్చు ప్రతుల గురించే. బ్రిటన్ 2013లో డిజిటల్ ప్రచురణలను కూడా ఇటువంటి చట్టం కిందికి తెచ్చింది, మనం ఇంకా తేవలసి ఉంది. ఈలోగా ఏడాదికి ఒకసారి మీ సంచికలన్నిటినీ పది పన్నెండు ప్రతులు అచ్చువేయించి బైండు చేయించి, ఆ నాలుగు చోట్లకూ, మన రెండు రాష్ట్రాల్లోని పెద్ద గ్రంథాలయాలకూ పంపండి. ఇది వెనకడుగని కొందరు నవ్వవచ్చు. లక్షల పుస్తకాలు స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతపడినప్పుడు, మరొకరు ముందుచూపుతో తీసి ఉంచిన నకళ్ల వల్లనే ఆ తెలుగు పుస్తకాలను మనం చదవగలుగుతున్నాం.

*"ఒక దేశం ఒక చందా" పథకంలో మా విశ్వవిద్యాలయానికి ఎన్నో పత్రికలు అందుతున్నాయి. పథకం ఆగితే, ఈ మూడేళ్లలో వచ్చిన సంచికలైనా మాకు మిగులుతాయా?*
– పరిశోధక విద్యార్థి, హైదరాబాదు

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకానికి 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 మంది ప్రచురణకర్తల పత్రికలు సుమారు 13,000 ఇందులో ఉన్నాయి. మీ ప్రశ్నకు జవాబు ఒప్పందంలోని ఒక్క షరతు మీద ఆధారపడుతుంది. చందా ముగిసిన తర్వాత కూడా, చందా కట్టిన సంవత్సరాల సంచికలను చదువుకునే హక్కు ఉంటుందని రాసి ఉంటే అది కొనుగోలు. రాయకపోతే అద్దె. గ్రంథాలయాలు ఈ షరతు కోసం ప్రచురణకర్తలతో ప్రపంచమంతటా పోరాడుతున్నాయి, సంపాదించినచోట ఆ హక్కును అమలు చేయడానికి కూడా పోర్టికో వంటి ఆర్కైవ్‌లను వాడుకుంటున్నాయి. ప్రజాధనంతో జరిగే చందాలో ఈ షరతు ప్రతి ప్రచురణకర్త విషయంలోనూ బహిరంగంగా ఉండాలన్నది నా అభిప్రాయం. మీ గ్రంథపాలకుల ద్వారా, ఈ చందాను సమన్వయం చేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ కేంద్రానికి ఈ ప్రశ్న రాతపూర్వకంగా పంపించండి.

*మా కళాశాలలో స్థలం చాలడం లేదు. పాత పత్రికల బైండు సంపుటాలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కనుక తూకానికి వేయమని పాలకవర్గం అంటోంది. ఏం చేయమంటారు?*
– విశ్రాంత గ్రంథపాలకుడు, కాకినాడ

పాలకవర్గం మాటను కొట్టిపారేయను. 1995లో జేస్టోర్ ఏర్పడింది కూడా ఈ స్థలం కొరత నుంచే. కానీ పాత సంచికలను స్కాన్ చేసిన తర్వాత కూడా జేస్టోర్ కాగితపు ప్రతులను విడిగా భద్రపరిచే ఏర్పాటు చేసిందని వారికి చెప్పండి. స్కానింగులో వదిలిపోయిన పుటను మళ్లీ చూడవలసి వస్తే ఎక్కడికి వెళ్తారు? ప్రసిద్ధ విదేశీ పత్రికల సంపుటాలు కీపర్స్ రిజిస్ట్రీలో కనీసం రెండుచోట్ల ఉన్నట్లు తేలితే, మీరు నిశ్చింతగా స్థలం ఖాళీ చేసుకోవచ్చు.

తెలుగు పత్రికల విషయంలో ఆ పని చేయకండి. 1924లో మొదలైన "భారతి" గాని, మద్రాసులో వెలసి మీ ఊరికి తరలివచ్చిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పత్రిక గాని వెబ్‌లో స్కాన్ చేసి ఉన్నంత మాత్రాన పూర్తిగా ఉన్నట్లు కాదు. స్కాన్ చేసిన ప్రతిలో చెదలు తిన్న పుటలు, బైండింగులో నొక్కుకుపోయిన అంచులు, స్కాన్ చేసినవారు అక్కరలేదని వదిలేసిన ముఖచిత్రాలు, ప్రకటనలు మీ ప్రతిలో చక్కగా ఉండవచ్చు. ముందు సంపుటి, సంచికల వారీగా ఒక జాబితా రాయించి, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్లకు పంపి, వారి దగ్గర లేనివి ఏవో గుర్తు పెట్టి తిరిగి పంపమని అడగండి. ఆ జాబితా తిరిగి వచ్చేవరకు తూకం కాటాను గేటు బయటే ఉంచండి.